జముకు కార్డు

మా నాన్న దుకాణం పర్లాకిమిడిలో బజారు పక్క సందులో ఉండేది. ముందు గదిలో విప్పి పెట్టిన హార్మోనియం పెట్టెలు, చర్మం మార్చడానికి వచ్చిన తబలాలు, మృదంగాలు. వెనక రెండు గదుల్లో మేము. మేడ మీద ఒకటే గది. ఆ గదిలో 1966 నుంచి 1979 దాకా అద్దెకున్న మాస్టారి గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

ఆయన కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. కానీ ఆయన మనసు ఉన్నది వాయిద్యాల మీద అని మా ఇంట్లో అందరికీ తెలుసు. వీణ కొద్దిగా వచ్చు, కచేరీ చేసేంత కాదు. ఆయనకి కావలసింది వేరే. ఈ వాయిద్యం దేనితో చేశారు, ఎవరు చేశారు, ఇందులో అసలు మోగుతున్నది ఏది? ఈ మూడు ప్రశ్నలకి జీవితంలో ఆదివారాలన్నీ ఇచ్చేశారు.

గదిలో ఒక నులక మంచం, ఒక బల్ల, బల్ల మీద ట్యూనింగ్ ఫోర్కులు, దర్జీల దగ్గరుండే కొలత టేపు, సంతలో చింతపండు తూచే లాంటి స్ప్రింగు కాటా. గోడ వారగా నాలుగు చెప్పుల అట్టపెట్టెలు. ఒక్కో దాని మీద తాటికాయంత అక్షరాలతో: తతం, సుషిరం, అవనద్ధం, ఘనం. డ్రాయింగు షీట్లు కోసి చేసిన కార్డులు వాటి నిండా. నాకు పదేళ్ళప్పుడు సాయంత్రం పాల గ్లాసు పట్టుకుని మేడెక్కితే చాలు, పరీక్ష మొదలయ్యేది.

"పాపా, సైకిలు గంట ఏ పెట్టె?"

"ఘనం."

"గాలికి ఊగి మోగే కరెంటు తీగ?"

"తతం."

"మీ అన్నయ్య ఈల?"

అది సుషిరం. తీగ మోగితే తతం, గాలి మోగితే సుషిరం, బిగించిన చర్మం మోగితే అవనద్ధం, వస్తువే ఒళ్ళంతా మోగితే ఘనం. ఇన్నేళ్ళయినా వంటింట్లో గరిట కింద పడితే నా లోపల ఎవరో "ఘనం" అంటారు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. మహేంద్రతనయ ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కొండ మీంచి దిగొచ్చేవాళ్ళది సవర. సవరల భాషకి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్ళోనే బడిపంతులుగా బతికారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని దగ్గర మాట మాటా నేర్చుకుని రాశారని మాస్టారు ఎప్పుడూ చెప్పేవారు. "పంతులు గారు మాటలు ఏరుకున్నారు. నేను మోతలు ఏరుకుంటున్నాను" అని ఒకసారి మా నాన్నతో అన్నారు.

ఆ ఏరుకోడానికి ఆయన చిన్నబండి ఎక్కేవారు. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచే నేరోగేజి రైలు. పక్కన పరుగెత్తి ఎక్కగలిగేంత నెమ్మది. సంత రోజుల్లో గుణుపురం వెళ్ళి, వాయించేవాళ్ళ పక్కన గంటలకి గంటలు కూర్చుని, టేపుతో కొలిచి, చర్మం ఏ జంతువుదో, కర్ర ఏ చెట్టుదో రాసుకునేవారు. పాతపట్నంలో సన్నాయి అన్నదాన్నే ఇవతల మొహురి అంటారు. పొడవులు వేరు, ఊదేవాళ్ళ భాష వేరు, జాతి ఒకటే. రెండింటికీ రెండు కార్డులు రాసి, రెండింటి మూలనా ఒకటే అంకె వేశారు: 422.112. రెండు రెల్లు పుల్లలు జంటగా కట్టి ఊదేది, లోపలి గొట్టం కిందికి పోనుపోను వెడల్పయ్యేది అని ఆ అంకెలకి అర్థం. పెళ్ళిళ్ళలో వాయించే తాళాలకి 111.142.

ఈ అంకెలెక్కడివని అడిగితే మాస్టారి ముఖం వెలిగిపోయేది. అప్పుడు జాక్సు గారి కథ వచ్చేది.

కుర్ట్ జాక్స్. మా నాన్న నోట్లో ఆయన "జాక్సు గారు" అయిపోయాడు. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా డాబా మీద చాపలు వేసుకుని ఆ కథ వినేవాళ్ళం. హరికథ లాగే, తెలిసిన కథే, అయినా మళ్ళీ చెప్పమనేవాళ్ళం.

మాస్టారు బెర్లిన్ నుంచి మొదలుపెట్టేవారు కాదు, కలకత్తా నుంచి మొదలుపెట్టేవారు. అక్కడి ఠాగూర్ల వంశంలో రాజా శౌరీంద్రమోహన్ ఠాగూర్ అని ఒక సంగీత పండితుడు. 1876లో ఆయన బెల్జియం రాజుకి సుమారు వంద మన వాయిద్యాలు కానుకగా పంపారు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్‌లో వాయిద్యాల మ్యూజియం పెట్టారు. దాన్ని చూసుకునే విక్టర్ మహియోన్ అనే ఆయనకి ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన సామానంతా ఒక వరుసలో పెట్టడం ఎలాగో తోచలేదు. యూరపు వాళ్ళు తీగలవి, ఊదేవి, కొట్టేవి అని మూడే చెప్పుకునేవాళ్ళు. కొట్టేవి అంటే గంటా అదే, డప్పూ అదే. ఠాగూర్ గారి పుస్తకాల్లో నాలుగున్నాయి. భరతుడు నాట్యశాస్త్రం ఇరవై ఎనిమిదో అధ్యాయంలో చెప్పిన నాలుగు. మహియోన్ ఆ నాలుగే పట్టుకున్నాడు.

"అంటే ఈ చెప్పుల పెట్టెలు బ్రస్సెల్స్‌లో కూడా ఉన్నాయన్నమాట" అనేది మా అమ్మ ప్రతిసారీ. ప్రతిసారీ మాస్టారు సంతోషించేవారు.

అక్కడి నుంచి బెర్లిన్. జాక్స్ 1881లో పుట్టాడు. చదివింది కళల చరిత్ర, 1904లో డాక్టరేటు తెచ్చుకుంది శిల్పాల మీద. తర్వాత మనసు వాయిద్యాల మీదికి మళ్ళింది. 1913లో వాయిద్యాలకి ఒక పెద్ద నిఘంటువు రాశాడు. మరుసటి ఏడాది హోర్న్‌బోస్టెల్ అనే ఆయనతో కలిసి, మహియోన్ నాలుగు జాతులకీ లైబ్రరీ పుస్తకాలకి వేసినట్టు దశాంశాల అంకెలు వేశాడు. 1 అంటే ఘనం, 2 అవనద్ధం, 3 తతం, 4 సుషిరం. హోర్న్‌బోస్టెల్ చదివింది కెమిస్ట్రీ అని మాస్టారు నొక్కి చెప్పేవారు. ఫిజిక్సు మాస్టారు వాయిద్యాల వెంట తిరగడమేమిటని కాలేజీలో అనేవాళ్ళకి అదే ఆయన జవాబు.

జాక్స్ 1915లో భారతదేశం, ఇండోనేషియాల వాయిద్యాల మీదే ఒక పుస్తకం రాశాడు. 1919 నుంచి బెర్లిన్‌లో ప్రభుత్వ వాయిద్యాల సేకరణకి అధికారి. అద్దాల బీరువాల్లో మూగగా పడి ఉన్న పాత వాయిద్యాలని మరమ్మతు చేయించి మళ్ళీ మోగేలా చేశాడు. ఈ మాట దగ్గర మాస్టారు ఆగి మా నాన్న వైపు చూసేవారు. నాన్న తల దించుకుని చాప అంచు సర్దుకునేవారు. ఆయన జీవితంలో అంతకంటే పెద్ద సన్మానం నేను చూడలేదు.

1933లో హిట్లర్ వచ్చాడు. జాక్స్ యూదుడు. ఉద్యోగం పోయింది. హోర్న్‌బోస్టెల్ తల్లి యూదురాలు, ఆయనదీ పోయింది. రెండేళ్ళకే 1935లో కేంబ్రిడ్జిలో చనిపోయాడు. జాక్స్ ముందు పారిస్ వెళ్ళి అక్కడి మ్యూజియంలో పని చేశాడు, 1937లో న్యూయార్క్ చేరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. యాభై ఆరేళ్ళ వయసులో పరాయి భాషలో మళ్ళీ మొదటి నుంచి. మూడేళ్ళకి 1940లో ఇంగ్లీషులోనే ప్రపంచ వాయిద్యాల చరిత్ర రాశాడు. 1959 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లోనే పోయాడు. మాస్టారి దగ్గరున్న పుస్తకం ఆ వాయిద్యాల చరిత్రే, కలకత్తాలో పాత పుస్తకాల కొట్లో కొన్నది, అట్ట ఊడిపోయినది. అట్ట నాన్నే వేశారు, హార్మోనియం తిత్తికి వాడే తోలుతో.

మా అమ్మ ఈ చివరి భాగం వచ్చేసరికి కళ్ళు తుడుచుకునేది. "ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ఆయన ఏం పట్టుకెళ్ళుంటాడు మాస్టారూ?" అని ఒకసారి అడిగింది. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇంక జముకు దగ్గరికి వస్తాను.

జముకు చూడనివాళ్ళ కోసం చెప్తాను. మానెడు గిన్నె లోతున కొయ్య డొల్ల. ఒక వైపు చర్మం, రెండో వైపు ఖాళీ. చర్మం నడిమధ్య చిన్న కన్నం, అందులోంచి ఒక నరం. బయట ముడి, లోపలి నుంచి వచ్చి ఖాళీ వైపు బయటికి వేలాడే రెండో కొసకి చిన్న కర్రముక్క. డొల్లని చంకలో ఇరికించి, ఎడంచేత్తో కర్రముక్క లాగి పట్టుకుని, కుడిచేతి పుల్లతో నరాన్ని మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే కిందికి జారుతుంది. ఏడుస్తున్నట్టుంటుంది, మాట్లాడుతున్నట్టుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు జముకుల కథ అంటే ఇదే. తెలంగాణ, రాయలసీమల్లో జమిడిక అంటారు, ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళు వాయిస్తారు.

పాతపట్నం అవతలి పల్లె నుంచి జముకు వాయించే తాత ఒకరు మా దుకాణానికి వచ్చేవాడు. పేరు రాయను, ఆయన మనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. 1974 వానాకాలం. ఆ రాత్రి ఏదో ఊళ్ళో అమ్మవారి సంబరం, కథ చెప్పాలి. దార్లో వానకి తడిసి చర్మం చిరిగిపోయింది. నాన్న దగ్గర ఆరిన చర్మం లేదు, పొయ్యి దగ్గర ఆరబెట్టినా సాయంత్రం దాకా పడుతుంది. తాత గుమ్మంలో కూలబడ్డాడు.

మేడ మీంచి మాస్టారు దిగొచ్చారు. చర్మం చిరిగిన జముకుని తిప్పి తిప్పి చూశారు. ఆ ముఖం నాకు తెలుసు. కొత్త కార్డు పుట్టబోతోందన్న ముఖం.

"చర్మం ఆరేలోపు ఒక పని చేద్దామా? దీనికి చర్మం బదులు రేకు వేస్తే?"

బిస్కెట్ల డబ్బా మూత తెచ్చి, నాన్న దాన్ని కత్తిరించి డొల్లకి బిగించారు. మధ్యలో మేకుతో కన్నం. నరం దూర్చి ముడి వేశారు. తాత అయిష్టంగానే చంకలో పెట్టుకుని మీటాడు.

మోగింది. లాగితే పైకి పోయింది, వదిలితే కిందికి జారింది. అవే స్వరాలు. మాస్టారు ట్యూనింగ్ ఫోర్కు చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ మళ్ళీ వాయించమన్నారు. చర్మం లేకుండానే స్వరాలన్నీ పలుకుతున్నాయి.

"ఏం తాతా, ఎలా ఉంది?"

తాత తల అడ్డంగా ఊపాడు. "మాటొస్తంది గానీ బాబూ, గొంతుక రాలేదు."

మాస్టారు అలాగే నిలబడిపోయారు. తర్వాత ఎన్నోసార్లు నాతో ఆ మాట గురించి మాట్లాడారు. మేము నెల రోజులు ఆలోచించినా దొరకనిది తాత ఒక్క మాటలో చెప్పేశాడని. ఏ స్వరం పలకాలో చెప్పేది నరం. ఆ స్వరానికి ఒంటిని ఇచ్చేది చర్మం. వీణలోనూ అంతే కదా, తీగ పలుకుతుంది, పనస చెక్క గొంతునిస్తుంది.

కానీ జాక్స్ అంకెల వరుస ప్రకారం ఇలాంటివి అవనద్ధంలో ఉన్నాయి. చర్మం ఉంది కాబట్టి, నరాన్ని మీటితే ఆ కదలిక చర్మానికి పోతుంది కాబట్టి, మీటే చర్మవాద్యాలు అని 22 అంకె వేశాడు. మాస్టారికి నిద్ర పట్టలేదు. రాత్రి పదింటికి పైన టుంగ్ టుంగ్ మని వినిపించేది. చర్మం బిగువు మార్చి చూశారు, కాటాకి నరం తగిలించి ఎంత బరువుకి ఏ స్వరమో పట్టిక రాశారు. చర్మం వదులు చేసినా బిగించినా, నరం లాగిన బరువు అదే అయితే స్వరం ఇంచుమించు అక్కడే ఉంది. మృదంగంతో పోల్చి చూశారు. మృదంగంలో చర్మమే రాజు. దాని మధ్యలో ఇనప చిట్టెం పొడి, అన్నం కలిపి నూరి అద్దే నల్లటి ముద్ద వల్లనే మామూలు డప్పు మోతకి లేని స్వరపు వరుస దానికి వస్తుందని 1920లోనే సి.వి. రామన్ రాశారు. విశాఖపట్నంలో చదువుకున్న కుర్రాడు, ఈ మోతలు వింటూనే పెరిగుంటాడు అనేవారు మాస్టారు. ఆ నల్లటి ముద్ద తీసేస్తే మృదంగం మృదంగం కాదు. జముకుకి చర్మమే తీసేసినా మాట వచ్చింది.

దీని గురించి ఆయన వ్యాసం రాసి ఒక పత్రికకి పంపారు. తిరిగొచ్చింది. ఇవి సంగీత వాద్యాలు కావు, జానపద వస్తువులు అని చిన్న చీటీ. ఆ చీటీ చూసి నాన్నకి వచ్చినంత కోపం మాస్టారికి రాలేదు. నాకు ఇప్పటికీ ఉంది ఆ కోపం. గొల్లపల్లిలో బొబ్బిలి వీణ చెక్కే సర్వసిద్ధి వాళ్ళ ఇంటికి ఆయన నన్ను తీసుకెళ్ళారు. ఒక్క పనస దుంగలోంచి కుండ, దండి అతుకు లేకుండా తొలిచే పనితనం చూపించి, "ఇంత శ్రద్ధా తాత జముకులోనూ ఉంది, చూడటం వచ్చినవాడికి" అన్నారు. వీణ మేళం కట్టేటప్పుడు ఇరవై నాలుగు మెట్లు మైనంలో నిలబెట్టి, ఒక్కో మెట్టుకీ చెవి పెట్టి వినే ఆ పెద్దాయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. కానీ ఆ ప్రయాణం గురించి వేరే రాస్తాను.

ఆ రాత్రి సంబరానికి తాత చర్మం జముకుతోనే వెళ్ళాడు. సాయంత్రానికి ఆరింది. రేకు మూత మాస్టారు దాచుకున్నారు.

1979లో రిటైరై మాస్టారు విజయనగరం వైపు తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. గది ఖాళీ చేసేటప్పుడు నాలుగు పెట్టెలూ మా నాన్నకి ఇచ్చారు. "నాతో వస్తే అక్కడ పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయి. నీ దగ్గరుంటే ఎవరైనా వాయించేవాడు చూస్తాడు." మరుసటి ఏడాదే పోయారు. కార్డు రాయడానికి కూర్చున్న కుర్చీలోనే అని తమ్ముడు ఉత్తరం రాశాడు. మా నాన్న ఆ రోజు దుకాణం తియ్యలేదు.

నేను బరంపురంలో ఉద్యోగంలో చేరాను, పెళ్ళి, పిల్లలు. పెట్టెలు పర్లాకిమిడి ఇంట్లో అటక మీద ఉండిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత ఒక స్నేహితురాలి ద్వారా నాకొక వ్యాసం దొరికింది. లారెన్స్ పికెన్ అని కేంబ్రిడ్జిలో జంతుశాస్త్రం చదివిన ఆయన, సంగీత పండితుడు కూడా. బెంగాల్ బావుల్ గాయకులు వాయించే గోపీయంత్రం, ఆనందలహరి మీద 1981లో రాశాడు. వీటిని మీటే చర్మవాద్యాలు అనడం సరికాదు, వీటిలో స్వరం తీగది, ఇవి తతాలే అని. గోపీయంత్రం మన జముకుకి దగ్గర చుట్టమే. ఆ పేజీలు పట్టుకుని నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఒక్క ఏడాది. ఒక్క ఏడాది ఉండి ఉంటే చదివేవారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా అంతా అతలాకుతలం అయింది, కొండ చరియలు విరిగిపడి ఎంతోమంది పోయారు. వాళ్ళ ముందు మా ఇంటి పెంకులు ఎగిరిపోవడం చెప్పుకోవలసిన నష్టం కాదు. అన్నయ్య వాళ్ళు క్షేమంగా ఉన్నారు. పది రోజులకి నేను వెళ్ళగలిగాను. అటక మీద గోడ వైపున్న పెట్టె నీళ్ళలో నాని ముద్దయిపోయింది. విప్పితే సిరా నీలం తప్ప అక్షరం లేదు. అది అవనద్ధం పెట్టె. డప్పులు, ఢోళ్ళు, మృదంగాలు, గుణుపురం సంతలో కొలిచిన సవరల డోళ్ళు, అన్నీ అందులోవే.

ముందు జముకు కార్డు పోయిందని అనుకున్నాను. మిగిలిన మూడు పెట్టెలూ ఎండలో ఆరబెడుతుంటే తతం పెట్టెలో, వీణ కార్డు వెనకాల కనిపించింది. కార్డు మూలన సిరాతో వేసిన 22 అంకె అడ్డంగా కొట్టేసి ఉంది. దాని పక్కన పెన్సిలుతో 3. ఆ 3 పక్కన చిన్న ప్రశ్నార్థకం, దాన్ని కూడా తర్వాత ఎప్పుడో రబ్బరుతో తుడిచిన గుర్తు. తేదీ 1978. తను అంత ప్రేమించిన మనిషి వేసిన అంకెని కొట్టెయ్యడానికి ఆయనకి నాలుగేళ్ళు పట్టింది. కార్డుని ఆ పెట్టెలోంచి ఈ పెట్టెలోకి మార్చబట్టి అది బతికింది.

వెనక మా నాన్న చేతిరాత ఉంది. మాస్టారు అడిగి రాయించుకున్నట్టున్నారు: "నరం మేక పేగు. రెండు మూరలు. చర్మం మేకది, పలచన. తాత దగ్గర డబ్బు తీసుకోలేదు."

పోయినేడు నుంచి నేను అవనద్ధం పెట్టె మళ్ళీ రాస్తున్నాను. టేపు అదే, మాస్టారిది, మొదటి రెండంగుళాలు అరిగిపోయాయి కాబట్టి మూడో అంగుళం నుంచి కొలుస్తాను. ఇప్పటికి పదిహేడు కార్డులయ్యాయి. మొదటిది పాతపట్నం డప్పు: మేక చర్మం, వేప చట్రం, చిర్ర, చిటికెన పుల్ల, గడ్డి మంట మీద కాచిన తర్వాత కొలిచినది. జముకు కార్డుని మాత్రం తతం పెట్టెలోంచి తియ్యలేదు.